జల్లెడ గుర్తు పార్టీ

ఓట్ల లెక్కింపు అయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం పొద్దున, జల్లెడ గుర్తు పార్టీ వాళ్ళు సమీక్ష పెట్టుకున్నారు. పెద్ద పార్టీలైతే ఇలాంటివి హోటళ్ళలో పెట్టుకుంటాయి. వీళ్ళకున్నది టైలరు దుకాణం మీది గది ఒక్కటే. కింద మిషన్లు ఆడుతుంటే పైన ఎంతటి ఉపన్యాసకుడి గొంతైనా వణికినట్టే వినిపించేది.

అభ్యర్థి సిస్టరమ్మ ముందే వచ్చి కిటికీలు తెరిచింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి సూది పొడిచిన చెయ్యి. "వాళ్ళలో సగం మంది వేసినా చాలు" అని ప్రచారంలో నవ్వుతూ అంటుండేది. వెయ్యలేదు. చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. ఆమె వెనకున్నది ఒక స్వతంత్ర అభ్యర్థి. ఆయన ప్రచారం మధ్యలో మేనకోడలి పెళ్ళికని వెళ్ళి, పోలింగు అయ్యాక తిరిగొచ్చాడు.

పార్టీ అధ్యక్షుడు లెక్కల మాస్టారు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇవాళ ఒకటే తీర్మానమమ్మా. పార్టీ మూసేద్దాం. మనల్ని నమ్మి వచ్చినవాళ్ళని ఇంకా ఎండల్లో తిప్పడం న్యాయం కాదు."

సిస్టరమ్మ కాదనలేదు. "ఇకనైనా ఇంటిపట్టున ఉండొదినా, నీకెందుకీ గోల" అని ముందురోజే మరిది అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది గాని, రాత్రి పక్కమీద వాలాక ఆ మాటే నిజమేమో అనిపించింది.

ఎంతసేపు చూసినా ఒక్కరూ రాలేదు. మాస్టారు ఖాళీ కుర్చీల వంక చూసి నిట్టూర్చాడు.

"బెల్లం ఉన్నచోటే ఈగలు అని ఊరికే అన్నారా?"

"మన దగ్గర బెల్లం ఎప్పుడుంది మాస్టారూ, ఇప్పుడు అయిపోవడానికి?" అంది సిస్టరమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ప్రచారం మాటలు మొదలయ్యాయి.

జల్లెడ గుర్తు వచ్చినరోజు ఊరంతా నవ్వింది. జల్లెడలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా అని ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "నీళ్ళెవరు పొయ్యమన్నారండీ? పిండి పొయ్యండి, పొట్టు సంగతి మేం చూసుకుంటాం" అని టక్కున జవాబు చెప్పింది, పార్టీకి ప్రచారం చేసే ఇద్దరు తోడికోడళ్ళలో చిన్నది. ఆ తోడికోడళ్ళిద్దరికీ ఇంట్లో మాటల్లేవు. ఎప్పుడో ఏదో మాట మీద మాట పెరిగి మూతులు ముడుచుకున్నారు. కానీ ప్రచారానికి మాత్రం రోజూ జంటగానే బయల్దేరేవాళ్ళు. గుమ్మంలో నిలబడి పెద్దామె ఇంటివాళ్ళతో, "ఆవిణ్ణి కొంచెం పక్కకి జరగమనండమ్మా, కరపత్రం ఇస్తాను" అనేది. వాళ్ళ జగడం చూడటానికని బయటికొచ్చిన జనం, వాళ్ళు చెప్పేదీ విని లోపలికి వెళ్ళేవాళ్ళు.

ఇక వెల్డరు. చిన్నప్పటినుంచీ నత్తి. సామాన్లు మొయ్యి చాలు అని మాస్టారు నచ్చజెప్పబోతే, "నే... నేనూ అడుగుతా" అని మొండికేశాడు. గడగడా మాట్లాడేవాళ్ళ మొహం మీద తలుపులు వేసిన వీధిలోనే, ఇతని మాట పూర్తయ్యేదాకా గడపలో నిలబడ్డారు జనం. మధ్యలో తలుపు వెయ్యడానికి చేతులు రాలేదు. ఎండలో కళ్ళు తిరిగి పడిపోయినరోజు కూడా, లేవగానే అతను అడిగింది మిగిలిన ఇళ్ళ గురించే.

"ఇలాంటివాళ్ళని ఎక్కణ్ణుంచి తెస్తాం మాస్టారూ?" అంది సిస్టరమ్మ.

ఇంతలో టైలరు కింద నుంచి కేకేశాడు. "మీటింగు ఇక్కడా? మీవాళ్ళంతా బజారు వీధిలో ఉంటేనూ! పొద్దున్నే నా బకెట్టు కూడా పట్టుకుపోయారు."

ఇద్దరూ గబగబా మెట్లు దిగి బజారు వీధికి వెళ్ళారు. అక్కడ స్కూలు ప్రహరీ పొడవునా వాళ్ళ పార్టీ మనుషులే. తోడికోడళ్ళు పోస్టర్ల మీద నీళ్ళు చల్లి నానబెడుతున్నారు. వెల్డరు పదును పెట్టి తెచ్చిన రేకు ముక్కలతో మిగతావాళ్ళు గీకుతున్నారు. సిస్టరమ్మ నవ్వుమొహాలు ముద్దలు ముద్దలుగా తడిసి గంపలో పడుతున్నాయి.

"మీటింగు లోపు అయిపోతుందనుకున్నాం. వదల్లేదు," అంది చిన్నామె. "జిగురు ఉడకబెట్టినవాళ్ళు అంత గట్టిగా ఉడకబెట్టారు మరి." ఆ మాట తనకేనని తెలిసి పెద్దామె, "గట్టిగా ఉడకబెట్టబట్టే వానకి ఊడలేదని చెప్పండి సిస్టరమ్మా" అంది.

"ఎవరు చెయ్యమన్నార్రా ఇదంతా?" అన్నాడు మాస్టారు.

"అం... అంటించింది మనమే కదా" అన్నాడు వెల్డరు, తల తిప్పకుండానే.

ఎదురు చెప్పుల దుకాణాయన వాకిట్లో నిలబడి అంతా చూస్తున్నాడు. వెల్డరు పక్క పోస్టరు కూడా గీకబోతుంటే ఊరుకోలేకపోయాడు. "అది మీది కాదయ్యా! గెలిచినవాళ్ళది."

"ప... పనిలో పని కదండీ."

ఆయన కాసేపు చెప్పులు సర్దుతున్నట్టు నటించాడు. తర్వాత లోపలికెళ్ళి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు. "ఓట్లయ్యాక ఈ వీధికొచ్చిన పార్టీ మీరొక్కరే. వచ్చారు కాబట్టి ఒకమాట. వీధి చివర ఆస్పత్రి మధ్యాహ్నానికే మూసేస్తున్నారు. బీపీ చూపించుకోవాలంటే నేను కొట్టు మూసుకోవాలి. ఎవరికి చెప్పుకోను?"

గెలవనివాళ్ళకి చెప్పి లాభమేమిటని ఆయన అనుకోలేదు. ఆయన్ని చూసి పక్క కొట్టామె కూడా వచ్చి, వీధి దీపం సంగతి ఎత్తుకుంది. మాస్టారు జవాబు చెప్పబోతుంటే చిన్నామె ఆయన చేతికి రేకు ముక్క అందించింది. "పైది మీకే అందుతుంది మాస్టారూ, పొడుగు కదా." ఆయన చొక్కా చేతులు మడిచాడు. మూసివేత తీర్మానం ఊసు ఆరోజు ఎవరూ ఎత్తలేదు. ఆయన తర్వాత కూడా ఎత్తలేదు.

"ఆస్పత్రి వేళల సంగతి ఆఫీసులో అడుగుదాం," అంది సిస్టరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ. "వాళ్ళు తేల్చేదాకా సాయంత్రాలు నేను టైలరు మీది గదిలో కూర్చుంటా. బీపీ చూసే మిషను నా దగ్గరుంది."

అన్నట్టే మర్నాటి సాయంత్రం బీపీ మిషను పట్టుకుని కూర్చుంది. బల్ల మోసుకొచ్చింది మరిదే, సణుక్కుంటూనే. అందరికంటే ముందు మెట్లెక్కి వచ్చింది చెప్పుల దుకాణాయన. కూర్చోకుండానే చేతులు నలుపుకున్నాడు.

"సిస్టరమ్మా, దాచుకోవడమెందుకు? నేను మీకు వెయ్యలేదు."

"మాట్లాడకండి, మాట్లాడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది" అంటూ ఆమె ఆయన్ని కూర్చోబెట్టి జబ్బకి పట్టీ చుట్టింది.