నీళ్లు తగలని మిఠాయి

నిప్పు గాని నీళ్లు గాని తగలని తినుబండారానికి అంటు లేదని ఒప్పుకున్నవారు, దాన్ని చేసిన చేతికి మాత్రం అంటు ఉన్నదని ఏ న్యాయాన ఒప్పుకుంటారు? 1955 ఫిబ్రవరి నెలాఖరున, ఆదోనిలో, నాగేశ్వరయ్య జిన్నింగు మిల్లు వసారాలో, ఊరి పెద్దింటి ఆడవాళ్లందరి ఎదుట అమృతవల్లి ఈ ప్రశ్న అడిగింది. ఇంతవరకు జవాబు చెప్పినవారు లేరు.

అమృతవల్లి నాగేశ్వరయ్యకు అక్క. ఇరవై రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి చేరింది. తరువాతి ఇరవై రెండేళ్లూ చేతికి దొరికిన పుస్తకమల్లా చదివింది. తమ్ముడి భార్య రుక్మిణమ్మ మహిళా సమాజానికి అధ్యక్షురాలు, అమృతవల్లి కార్యదర్శి. అంటే ఒకరు కుర్చీలో కూర్చుంటారు, మరొకరు రాస్తారు.

ఆ ఏడు సమాజంవారు వంటల తరగతి ఒకటి పెట్టదలచారు. నేర్పేవారికి నెల జీతం. ఎవరు నేర్పాలో పోటీ పెట్టి తేల్చాలనుకున్నారు. పోటీకి మిల్లు వసారా తప్ప చోటు దొరకలేదు. అది పత్తి కాలం. గోదాముల నిండా దూది. ఆవరణలో బీడీ ముట్టించినవాణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేసే రోజులు. పొయ్యి వద్దు, కుంపటి వద్దు అని నాగేశ్వరయ్య ఖండితంగా చెప్పాడు. కనుక నిప్పు లేకుండా మిఠాయి చేయాలన్నది షరతు అయింది. సరుకులు సమాజమే ఇస్తుంది. "ఊరిలోని స్త్రీలందరూ పాల్గొనవచ్చును" అని అమృతవల్లి ప్రకటన రాసింది. రుక్మిణమ్మ సంతకం చేసింది. మిల్లు గేటుకు అంటించారు.

మరునాడు మధ్యాహ్నం పెరటి గుమ్మం అవతల ముత్తమ్మ వచ్చి నిలబడింది. మిల్లులో పత్తి ఏరే మనిషి. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి నూగు.

"అమ్మా, గేటుకాడ కాగితం సదివినాను. స్త్రీలందరూ అని రాసినారు. ఆ అందరిలో నేనూ ఉండానా, లేకపోతే అది ఊరికే రాసే మాటనా?"

"ఉన్నావు" అనడానికి తనకు ఎంతసేపు పట్టిందో అమృతవల్లి తరువాత చాలాకాలం మరచిపోలేదు.

ముత్తమ్మది ఎమ్మిగనూరు. అక్కడ క్రైస్తవ మిషను డాక్టరమ్మ బంగళాలో పదకొండేళ్లు వంట చేసింది. డాక్టరమ్మ స్వదేశానికి వెళ్లిపోయాక, బస్తాలు మోసే భర్త మాదన్న వెంట ఆదోనికి వచ్చి రెండేళ్లుగా పత్తిలో పడింది.

"ఈ పంతులమ్మ పని నాకు రావల్లమ్మా" అన్నది. మాట మధ్యలో దగ్గు తెర వచ్చింది. ముగిసేదాకా గోడ పట్టుకుని నిలబడింది. "దూది రొమ్ములోకి దిగిపోయింది. ఇంకొక పత్తికాలం ఈడనే ఉంటే నేను మిగలను."

సంగతి తెలిసి రుక్మిణమ్మ మండిపడింది. "వదినా, ఇదేం విడ్డూరం! ఆ ముత్తమ్మను ఎవరు రమ్మన్నారు?"

"నువ్వే. ప్రకటన కింద సంతకం నీది."

"సంతకం చేసేటప్పుడు ఎవరైనా చదువుతారా?"

తీర్పరి అమృతవల్లి తల్లి. డెబ్బై దాటిన మనిషి, మడి విషయంలో ఇంటికే గాక వీధికంతటికీ ఆమె మాటే శాసనం. "చేయనీండే. తినేదీ లేనిదీ తర్వాతి మాట" అన్నది.

పోటీ రోజు తొమ్మిదిమంది కూర్చున్నారు. ఆరుగురు చలిమిడి చేశారు, ఇద్దరు నువ్వుల ఉండలు దంచారు. వసారా చివర, తనకని విడిగా వేసిన చాప మీద, ముత్తమ్మ తన సరుకులు వరసగా పేర్చుకున్నది: బొరుగులు, పుట్నాలు, ఎండుకొబ్బరి, చక్కెర, రుక్మిణమ్మ ఇంటి గేదె వెన్న, చిన్న గిన్నెడు కొబ్బరినూనె. డాక్టరమ్మ వెళ్తూ ఇచ్చిన కోకో పొడి డబ్బా ఒకటి ఆమె సొంతం. ఒక సీసాలో లేత ఆకుపచ్చ పొడి. పుదీనా ఆకును చక్కెరతో నూరి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, మళ్లీ దంచి, పలచని గుడ్డలో జల్లించిన పొడి అది. పచ్చి ఆకు రసం పోస్తే వెన్న విరిగి నీరు వదులుతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు చెడగొట్టుకుని తెలుసుకున్నది.

"ఏమే, తలనొప్పి మందు వాసన కొడుతాంది?" అన్నది ముసలమ్మ కుర్చీలోంచి.

"పుదీనా అవ్వా. కారంతో కలిస్తే పచ్చడి, సక్కెరతో కలిస్తే దాని కోపం పోతాది."

డాక్టరమ్మ ఈ మిఠాయికి అడుగున బిస్కత్తులు నలిపి వేసేది. ఈ వసారాలో బిస్కత్తు చెల్లదని ముత్తమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎవరు వేయించినా ఎవరైనా తినేవి బొరుగులు, పుట్నాలు. అందుకే వాటిని ఎంచుకున్నది. వాటిని బరకగా దంచి, కొబ్బరి తురుము, కోకో, చక్కెర పొడి చేర్చింది. వెన్నను నిప్పు లేకుండా ఎట్లా కరిగిస్తుందా అని అందరూ చూస్తుండగా, గిన్నెను తీసుకువెళ్లి ఆవరణలో ఎండకు కాగిన నల్లబండ మీద పెట్టింది. వెన్న నూనెలా కరిగింది. పొడిలో కలిపి, అంచులున్న రేకు పళ్లెంలో పోసి, చెంబు అడుగుతో అదిమింది. మూలలను బొటనవేలితో విడిగా అదిమింది. తేలికగా చేసేవారు మరచిపోయేది మూలలనే.

రెండవ వరస వెన్నది. మొదట గుడ్డలో పిండి మజ్జిగ చుక్క లేకుండా చేసింది. చక్కెర పొడి, పుదీనా పొడి వేసి చేత్తో గిలకొట్టసాగింది. దగ్గు వచ్చినప్పుడల్లా పళ్లెం నుంచి ముఖం తిప్పి, కొంగు అడ్డం పెట్టుకుని, ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. వెన్న తెల్లబడి, తన బరువు తానే మరచి, లేత చిగురు రంగు తేలేదాకా ఆ చేయి వదలలేదు. తరువాత దాన్ని మొదటి వరస మీద సమంగా పరిచింది. అమృతవల్లి చేతిలోని కాగితం మీద ఏమీ రాయకుండా చూస్తూ ఉండిపోయింది. ఇన్ని పుస్తకాలు చదివిన తనకు ఇంత తప్పులేకుండా చేయగల పని ఒక్కటీ లేదని ఆమెకు తోచింది.

చలిమిడి చేసిన కొత్తకోడలు జయశ్రీ మెడ చాచి చూసింది. "ముత్తమ్మా, అది మిఠాయా, గోడకు కొట్టే సున్నమా?"

"గోడనే అమ్మా. మూడు వరసల గోడ. కూలిపోకుండా కట్టేది సూడు."

పళ్లెం తీసుకువెళ్లి, రెండు గోదాముల మధ్య గాలి ఈడ్చే సందులో, తడి ఇసుక నింపిన వెడల్పు మట్టి మూకుడులో దించింది. పైన పుల్లలు అమర్చి తడి గోనె కప్పింది. చల్లదనం తగలాలి, తడి తగలకూడదు. వెన్న గట్టిపడ్డాక మూడవ వరస. కోకో, చక్కెర, వెన్న, కాస్త కొబ్బరినూనె బండ మీదనే కరిగించి, నిగనిగలాడేదాకా కలిపి, దించి ఆరనిచ్చింది. వేడిగా పోస్తే కింది వరస కరుగుతుంది; చల్లారిపోతే పరచుకోదు. ఎంగిలి చేస్తుందేమోనని ముసలమ్మ కన్నార్పకుండా కనిపెడుతున్నది. ముత్తమ్మ ఒక్క బొట్టు మణికట్టు మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఇంకాసేపు ఆగి, అప్పుడు పోసింది. నల్లటి పొర పచ్చదనం మీద ఒక్క చోట కూడా కలవకుండా పరచుకున్నది. మళ్లీ గోనె కప్పింది.

సాయంత్రం నాలుగింటికి గోనె తీశారు. ముత్తమ్మ అంచు నుంచి నాలుగు ముక్కలు కోసి, విస్తరాకులో పెట్టి, ముసలమ్మకు అందేంత దూరంలో ఉంచింది.

"ఎండలో కాచింది కదా అత్తా, అది వంట కాదా?" అన్నది రుక్మిణమ్మ.

"మనం వడియాలు ఎండబెడతాం. వాటిని ఎండలో వండినామంటామా?" ముసలమ్మ ఒక్కొక్కటే వేళ్ల మీద ఎంచింది. "బొరుగులకు, ఎండు పొడులకు అంటు లేదు. వెన్న మన ఇంటిది. నీళ్లు తగలలేదు, నిప్పు తగలలేదు." అని ముక్క నోట వేసుకున్నది. కరకరమన్నది. తరువాత మెత్తగా కరిగింది. "నోట్లో వానగాలి తిరిగినట్టుందే" అన్నది, రెండవ ముక్కకు చేయి చాస్తూ.

మిగిలిన రెండు ముక్కలు పంచుకు తిన్నవారెవరూ మొదటి స్థానం ఎవరిదన్న మాట ఎత్తలేదు. ఎత్తనవసరం లేకపోయింది. రుక్మిణమ్మే ఉపాయం చెప్పింది. "మిఠాయి ముత్తమ్మదే, కాదనను. తరగతి మాత్రం వదిన చెబుతుంది. ముత్తమ్మ పెరట్లో కూర్చుని చేసి పెడుతుంది. మిగతాది నువ్వే కోసి అందరికీ పంచు వదినా."

అమృతవల్లి కత్తి అందుకున్నది. ముత్తమ్మ పట్టిన కత్తి అది. చేతికి అలవాటైన పని చేయి చేసింది: సమాజంవారి నీళ్ల చెంబు వంచి కత్తిని కడిగింది, పళ్లెం మీద పెట్టి నొక్కింది. నల్లటి పొర పెంకులా పగిలింది. పచ్చటి వెన్న పగుళ్లలోంచి పైకి ఉబికింది. కత్తి తడికి కోకో మచ్చలు పడి జారింది.

ముత్తమ్మ చాప మీది నుంచే అన్నది. "మీరు మడి కోసరం కడిగినారమ్మా. దానికి నీళ్లే మైల."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. అమృతవల్లి ముఖం కందిపోయింది. కత్తిని తుడిచి ముత్తమ్మ ముందు పెట్టింది. ముత్తమ్మ దాన్ని నల్లబండ మీద కాసేపు ఉంచి, పొడి గుడ్డతో తుడిచి, పళ్లెం బాగున్న వైపు నిట్టనిలువునా దించింది. ఈడ్చలేదు, కోయలేదు, దించింది. ప్రతి కోతకూ కత్తిని మళ్లీ వేడి చేసింది. ముక్క తీసి నిలబెడితే మూడు వరసలు మూడు గీతల్లా కనిపించాయి.

"నాకు రాదు" అన్నది అమృతవల్లి, అందరికీ వినబడేలా. "వచ్చినవారే చెప్పాలి."

"వదినా, వాళ్ల చేతి..."

అప్పుడే అమృతవల్లి, మొదట చెప్పిన ఆ ప్రశ్న అడిగింది. రుక్మిణమ్మ అత్తగారి వైపు చూసింది. అత్తగారు విస్తరాకు వైపు చూసింది. జవాబు రాలేదు గాని తీర్పు వచ్చింది: తరగతి ముత్తమ్మదే. అయితే నీళ్లు తగలని వంటలు మాత్రమే. నీళ్ల కుండ ముట్టుకోకూడదు.

"సాలవ్వా" అన్నది ముత్తమ్మ. "నీళ్లు లేకుండా నాకు పదహైదు వంటలు వచ్చు. తక్కినవి మీకు దప్పిక అయినప్పుడు సూసుకుందాం." వెంటనే, "రేపటినించి పత్తికి రానని మేస్త్రీకి సెప్పేదా?" అని అడిగి, అమృతవల్లి తల ఊపేదాకా కదలలేదు.

అమృతవల్లీ ఒక ముక్క తిన్నది. పుదీనా మిఠాయి తిన్న నోరు నీళ్లడుగుతుంది. వసారా స్తంభం పక్కన సమాజంవారి కుండ ఉన్నది. చాప పక్కన ముత్తమ్మ ముంత ఉన్నది. అమృతవల్లి చాప దగ్గరకు నడిచి, దోసిలి పట్టింది.

"నీళ్లు పోయి ముత్తమ్మా."

ముత్తమ్మ ముంత చూపింది. "అమ్మా, ముంత నాది."

"తెలుసు."

"బాయి మాత్రం మీ మిల్లుదే" అని ముత్తమ్మ ముంత వంచింది. అమృతవల్లికి దోసిలి పట్టడం అలవాటు లేదు. సగం నీళ్లు చీర మీద పడ్డాయి. మిగిలిన సగం తాగింది. అది గొప్ప పని కాదు. ఇరవై రెండేళ్లు ఆలస్యంగా చేసిన పని. గొప్ప పని అంతకుముందే జరిగిపోయింది, రేకు పళ్లెంలో, మూడు వరసలుగా.

ఆ తరువాతి మంగళవారం ముత్తమ్మ తరగతికి పదకొండుమంది వచ్చారు. వచ్చినవారంతా తిన్నారు, నేర్చుకున్నారు. దప్పిక అయితే లేచి స్తంభం దగ్గరి కుండకు వెళ్లారు.

ఇంతదాకా చదివి, ఆ మిఠాయి ఎట్లా చేయాలో తెలుసుకున్న మీరు ఇక లేవండి. మీ పెరట్లో గిన్నెలు తోముతున్న ఆమెను లోపలికి పిలిచి, ఆమె చేత్తో మంచినీళ్లు ముంచి ఇమ్మని అడగండి. ఆమె చూస్తుండగా తాగండి.