ముంచని బూట్లు

స్కేర్వ నదిలో గాలం వెయ్యాలంటే ముందు ఐవిండ్ తొట్టి దగ్గర నిలబడాలి. గాలపు సామాను అమ్మే కొట్టు అతనిది. కొట్టు పక్క రేకుల పంచలో పెద్ద ప్లాస్టిక్ తొట్టి, దాని నిండా గులాబీ రంగు మందు నీళ్ళు. వేరే నదుల్లో దిగి వచ్చినవాళ్ళు బూట్లు, వల, నీటి ప్యాంటు, చివరికి గాలపు చక్రం కూడా అందులో పావుగంట ముంచాలి. ఐవిండ్ సంతకం చేసిన చీటీ జేబులో పడ్డాకే మా నదిలో కాలు పెట్టాలి. ఎందుకంటే కొండ అవతలి వెస్ట్రా నదికి జబ్బుంది. కంటికి ఆనని పురుగు సాల్మన్ పిల్లల చర్మానికి అతుక్కుని తినేస్తుంది. తడి ఆరని బూటులో నాలుగైదు రోజులు బతుకుతుంది. అది నదిలోకి వచ్చిందంటే నది మొత్తానికి విషం పెట్టడం తప్ప ఇంకో దారి లేదు.

ఐవిండ్ నిప్పు లాంటి మనిషి. చర్చి పాదిరి గారి చేతా ముంచించాడు. "దేవుడి పని మీద వచ్చినా బూట్లు బూట్లే" అన్నాడట. పడవ మీద అతిథుల్ని చేపల వేటకి తిప్పే హాల్దన్ అతనికి బడినాటి స్నేహితుడు. ఏటా వసంతంలో వెస్ట్రా ఒడ్డున ఉన్న అక్క పడవకి తారు పూసి వస్తాడు. అతనికీ మినహాయింపు లేదు.

"నా మీద నమ్మకం లేదా ఏంట్రా?"

"నీ మీద ఉంది, నీ బూటు మీదే లేదు. ముంచు."

"నీ పెళ్ళాం నీతో ఎలా కాపరం చేస్తోందో ఆ దేవుడికే తెలియాలి."

"ఆవిణ్ణీ ముంచాకే తెచ్చుకున్నా. పావుగంటయ్యేదాకా కదలకు."

ఇద్దరూ ఆ పావుగంటా తొట్టి అంచున కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు.

ఇంత గట్టి మనిషికీ ఒక దిగులుంది. మూడేళ్ళుగా అతని వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి. ఈకల ఎరలు కట్టలేడు. అది పోతే పోయింది, బూటు తాళ్ళు కూడా బిగించుకోలేడు. తాళ్ళు బిగియకపోతే పాచి రాళ్ళ మీద ఒక్క అడుగు కూడా నిలబడదు. పెళ్ళాం చేత కట్టించుకోవడానికి మొహం చెల్లలేదు. మూడు వేసవులు కొట్టులో నిలబడి, తను వాడలేని వస్తువుల్ని అవతలివాళ్ళకి పొగిడి పొగిడి అమ్మాడు. సాయంత్రం తలుపు వేసి నది వైపు చూడకుండా ఇంటికి పోయేవాడు.

వేట మొదలయ్యే ముందు రోజు, మే ముప్పై ఒకటిన, కంపెనీ కుర్రవాడు సిండ్రె కొత్త సరుకు నమూనాలతో వ్యానులో దిగాడు. ఆ రోజు మా లోయకి పండగ. కొట్టు నిండా జనం, వాఫెల్ అట్ల వాసన, కాఫీ. తీగ లేని ఉత్త గాలపు కర్రలు పట్టుకుని గాలిలో ఆడిస్తుంటే పైకప్పు దీపం ఈసారి కూడా పగిలింది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, ఏటా పగులుతుంది. ఈకంత తేలిక కర్రలు, చేప జారినా చర్మం గీరుకోని రబ్బరు వలలు, నీళ్ళలో పడినా తేలే కత్తెరలు. చూసినవాళ్ళు చూశారు, వంకలు పెట్టినవాళ్ళు పెట్టారు. మూడింటికల్లా అందరూ వెళ్ళిపోయారు.

"పెద్దాయనా, మీ కోసం ఒకటి దాచి ఉంచా," అన్నాడు సిండ్రె, వ్యాను వెనకనుంచి ఒక పెట్టె తెచ్చి.

బూట్లు. వాటికి తాళ్ళు లేవు. పక్కన గుండ్రటి బిళ్ళ ఉంది. దాన్ని అరచేత్తో తిప్పితే సన్నటి తీగ లాక్కుని బూటు పాదానికి పట్టేస్తుంది. వేళ్ళతో పని లేదు.

ఐవిండ్ ఆ బిళ్ళ తిప్పాడు. టక టక టక మని బిగిసింది. వదిలాడు. మళ్ళీ తిప్పాడు. ముక్కు ఎగబీల్చడం సిండ్రె విన్నాడు.

"ఎవరైనా వాడారా వీటిని?"

"నమూనా జత. కంపెనీ చీటీ కూడా తెంచలేదు, చూడండి."

మడమ దగ్గర కంపెనీ చీటీ వేలాడుతూనే ఉంది. పెట్టెలో మెత్తకాగితం కూడా ఉంది. ఐవిండ్ లోపల చెయ్యి పెట్టి చూశాడు. అడుగున ఉన్ని పొర కాస్త చెమ్మగా తగిలింది. పొద్దున జల్లు పడింది, వ్యాను తలుపులు తెరిచే ఉన్నాయి, అందుకే అనుకున్నాడు. ఇది తరవాత అతను లక్షసార్లు గుర్తు చేసుకున్న చెమ్మ. ఆ రోజు మాత్రం పట్టించుకోలేదు. తొట్టి అక్కడే పది అడుగుల దూరంలో మూత వేసి ఉంది. కొత్తవాటిని ముంచేదేమిటి? పావుగంట ఆగాలి, తడిబూటు వేసుకోవాలి. మూడేళ్ళు ఆగిన మనిషి పావుగంట ఆగలేకపోయాడు. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

కొట్టు వెనక మడుగులో నడుం లోతు దాకా వెళ్ళాడు. నీరు తొడలని నెట్టింది. పాదం రాయిని పట్టుకుంది. మూడేళ్ళ తరవాత నది అతన్ని తోస్తుంటే నిలబడ్డాడు. పదినిమిషాలున్నాడు. ఒక్కడే చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు. గట్టెక్కాక నమూనా జతని సిండ్రెకి తిరిగి ఇచ్చేశాడు.

ఆ వేసవి బాగా గడిచింది. అక్టోబరులో ప్రయోగశాల వాళ్ళు ఏటా చేసినట్టే సాల్మన్ పిల్లల్ని పట్టుకెళ్ళారు. వారం తరవాత నది సంఘం అధ్యక్షురాలు ఇంగూన్ కొట్టులోకి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా, "వచ్చేసింది ఐవిండ్" అంది. ఏం వచ్చిందో అడగక్కర్లేకపోయింది.

ఆ రాత్రే అతను సిండ్రెకి ఫోన్ చేశాడు. "ఆ బూట్లు మా దగ్గరికి రాకముందు ఎక్కడున్నాయి?"

"ముందు రోజు వెస్ట్రాలో. అక్కడి కొట్టాయన కాసేపు నీళ్ళలో నిలబడి చూశాడు. చీటీ తడవకుండా పైకి కట్టుకున్నాడు పాపం, మంచివాడు. ఏం, కావాలా ఒక జత?"

ఐవిండ్ ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చున్నాడు. కంచే చేను మేసింది. ఇరవై ఏళ్ళు ఊరందరి బూట్లూ అనుమానించి, తన పాదాల కింద ఉన్నవాటిని నమ్మాడు.

నింద మోపడానికి ఊరికి ఎవరో ఒకరు కావాలి. వెస్ట్రాకి ఏటా పోయేది ఎవరు? హాల్దన్. చీటీ ఉంది కదా అంటే, స్నేహితుడు రాసిచ్చిన చీటీయే కదా అన్నారు. అతను కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం మానేశారు. అతిథులు వేరే పడవలు మాట్లాడుకున్నారు. డిసెంబరులో ఎవరో అతని పడవ మీద తారుతో 'వెస్ట్రా' అని రాశారు. హాల్దన్ దాన్ని గీకలేదు. ఐవిండ్ చూస్తూ, తేలు కుట్టిన దొంగలా నోరు కుట్టుకుని, క్రిస్మస్ దాటించాడు. అది అతను చేసిన రెండో తప్పు. నన్నడిగితే మొదటిదానికన్నా పెద్దది.

ఫిబ్రవరిలో సంఘం సమావేశం పెట్టారు. ఆగస్టులో నదికి విషం పెట్టాలని తీర్మానం. చేతులెత్తడం అయ్యాక ఐవిండ్ లేచాడు.

"హాల్దన్ కాదు. నేను. నమూనా బూట్లు వేసుకుని దిగాను. ముంచలేదు."

వెనక బెంచీ నుంచి ఎవరో ముసలాయన మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఇంగూన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఐవిండ్, నీ మనసు మాకు తెలుసు. కూర్చో."

"మనసు కాదు, నిజం చెబుతున్నా. చెమ్మ కూడా తగిలింది నాకు."

"పాదిరి గారి చేత ముంచించినవాడివి, నువ్వు ముంచకుండా దిగుతావా? మూడేళ్ళుగా నది మొహం కూడా చూడలేదు నువ్వు. స్నేహితుడి తప్పు నెత్తిన వేసుకుంటానంటే మేం ఒప్పుకోం. కూర్చో ఇంక."

సిండ్రెని అడగమన్నాడు. సిండ్రె అప్పటికే ఉద్యోగం మానేశాడు, కంపెనీకి అలాంటి జతే గుర్తులేదంది. అతను ఎంత గట్టిగా చెబితే అంత మంచివాడయ్యాడు. హాల్దన్ అంత చెడ్డవాడయ్యాడు. స్నేహితుడి నోట అబద్ధం కూడా చెప్పించాడని జనం అతని వైపు చూశారు. హాల్దన్ కోటు తీసుకుని బయటికి నడిచాడు.

ఆగస్టులో విషం పెట్టారు. పై వంతెన నుంచి సముద్రం దాకా పీపాల్లోంచి చుక్కలు చుక్కలుగా. గంట తిరక్కుండానే పిల్ల చేపలు పైకి తేలాయి, తరవాత పెద్దవి. ఏరడానికి ఊరంతా వచ్చింది. గుడ్లు కొన్ని ముందే తీసి ఎక్కడో భద్రం చేశారట, వచ్చే ఏడు మళ్ళీ విషం పెడతారట. అంతా సవ్యంగా జరిగినా నది శుభ్రమైందని చెప్పడానికి ఇంకో ఐదారేళ్ళట. ఐవిండ్‌కి అరవై ఎనిమిది. లెక్క వెయ్యడం మానేశాడు.

సాయంత్రం హాల్దన్ పడవని బండికి కట్టుకుని పంచ దగ్గరికి వచ్చాడు. ఉత్తరాన మేనల్లుడి దగ్గరికి పోతున్నాడు. అక్కడ సముద్రంలో వలల మధ్య పెంచే సాల్మన్‌కి మేత చల్లే పని. ఇప్పుడు జబ్బు నది స్కేర్వే కాబట్టి, ఇక్కణ్ణుంచి బయటికి పోయేవాళ్ళే ముంచాలి. బూట్లు తొట్టిలో వేసి అంచున కూర్చున్నాడు. ఫ్లాస్కు ఎవరూ తేలేదు.

"నువ్వైనా నమ్మావురా నన్ను?" అన్నాడు ఐవిండ్.

"నమ్మడమేంటి, చూశా."

"ఏం చూశావ్?"

"ఆ రోజు. వంతెన మీద నుంచి. తొట్టి మూత వేసే ఉంది. దిగేటప్పుడు నీ కాళ్ళకి కొత్త బూట్లు."

ఐవిండ్ అతని వైపు తిరిగాడు. "మరి కేకెయ్యలేదేంరా?"

హాల్దన్ మందు నీళ్ళలోకి చూశాడు. "వేద్దామనే నోరు తెరిచా. నువ్వు నవ్వుతున్నావు. మూడేళ్ళయింది నువ్వు నవ్వగా చూసి. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా."

"సంఘంలో చెప్పాల్సింది."

"ఏం చెప్పాలి? చూసి కూడా ఊరుకున్నాననా? వాళ్ళు అంటున్నదాంట్లో సగం నిజమేరా. ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే."

పావుగంట అయింది. హాల్దన్ బూట్లు తీసి నీళ్ళు వంచాడు. ఐవిండ్ చీటీల పుస్తకం తీశాడు. పేరు రాశాడు, తేదీ రాశాడు. 'ఏ నది నుంచి' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఆ గడిలో వేరే నదుల పేర్లు రాశాడు. వంకర వేళ్ళు కలాన్ని పట్టుకునే ఉన్నాయి గానీ కదల్లేదు.

హాల్దన్ కలం అతని చేతిలోంచి మెల్లగా లాక్కుని, ఆ గడిలో తనే 'స్కేర్వ' అని రాసి, సంతకానికి పుస్తకం ముందుకు జరిపాడు.