భుజం కుట్టు

మా అమ్మాయి కుట్టిన కోటు ఒకటి మూడేళ్ళ తరువాత మా కొట్టుకు తిరిగి వచ్చింది. లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"భుజాల దగ్గర పట్టేస్తోంది మాస్టరుగారూ. కాస్త లూజు చెయ్యాలి. నేను లావెక్కానని అనుకునేరు, మా ఆవిడ వంటకి ఆ ప్రమాదం లేదు."

నాకు నవ్వు రాలేదు. కాలరు మీద వేలు పడగానే అది ఎవరి కుట్టో తెలిసిపోయింది.

అమ్మాయి కుట్టినవేవీ మా దగ్గర మిగల్లేదు. ఇరవయ్యో ఏట, మూడు వారాల జ్వరంతో పోయింది. అప్పటికి అది కుట్టినవన్నీ ఎవరెవరి ఒంటి మీదో వీధుల్లో తిరుగుతున్నాయి. సరిచేయమని ఒక్కటీ వెనక్కి రాలేదు. నేను కుట్టినవి వారానికి నాలుగైనా వస్తాయి.

"ఈ వారం తీరిక లేదు సార్," అన్నాను.

కాజాలు కుడుతున్న నా భార్య తలెత్తింది. "ఉంచి వెళ్ళండి అన్నయ్యగారూ. శుక్రవారానికి ఇచ్చేస్తారు."

ఆయన గుమ్మం దాటేదాకా ఆగి నా వైపు తిరిగింది.

"పొద్దుటి నుంచి ఈగలు తోలుకుంటున్నారు. తీరిక లేదా?"

"దాని కుట్టు నన్ను విప్పమంటావా?"

"విప్పాలంటే బాధా, దాని పక్కన మీ కుట్టు పడుతుందని భయమా?"

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర అబద్ధం దండగ. కత్తెర పదును చూసుకుంటున్నట్టు నటించాను.

కన్నకూతురి మీద అసూయపడ్డ తండ్రి ఆ ముక్క ఎవరితో చెప్పుకుంటాడు? నేను మనిషిని అద్దం ముందు నిలబెట్టి ఇరవై రెండు కొలతలు తీసుకుంటాను. అది ఆరు తీసేది. ఆ తరువాత, "ఆ పై అరలో దారం అందుకోండి", "ఆ కిటికీ వేసి రండి" అని వచ్చినవాళ్ళకే పనులు పురమాయించేది.

"కస్టమర్ల చేత చాకిరీ చేయిస్తావేమే?" అని కసిరాను.

"నువ్వు నిలబెట్టి కొలుస్తావు నాన్నా. ఎవరు మాత్రం నిలబడి బతుకుతారు?"

అప్పటికి దానికి పదహారు. నవ్వేశాను. లోపల మాత్రం, నా ఇంట్లోనే నాకు తెలియని గది ఒకటి ఉందని ఎవరో తలుపు తీసి చూపించినట్టయింది.

మర్నాడు పొద్దున్న కోటు బోర్లా పరిచి, లైనింగు ఊడదీసి, భుజం కుట్టు విప్పడం మొదలుపెట్టాను. చెయ్యి అలవాటుగా సాగిపోయింది. అదే నన్ను భయపెట్టింది. కుట్టు విడిపోయి లోపల మడిచిన గుడ్డ బయటపడింది. కుట్టుకోసం ఎవరైనా అక్కడ అర వేలెడు గుడ్డ వదులుతారు. కుడి భుజంలో ఒక వేలెడు ఉంది. ఎడమ భుజంలో రెండు.

తప్పు చేసింది!

నాకు కలిగింది సంతోషం. దాచను. రెండు భుజాలూ సమంగా కత్తిరించలేకపోయింది. నేను నేర్పాల్సింది ఇంకా ఉండేది. ఆ ఒక్క తప్పుతో అది మళ్ళీ నా బల్ల పక్కన నిలబడి పని నేర్చుకునే పిల్ల అయిపోయింది. చాలాసేపు ఆ గుడ్డ నిమురుతూ కూర్చున్నాను.

శుక్రవారం పెద్దాయన వచ్చాడు. భుజాలు పాత కుట్టు గీత మీదే గుండుసూదులతో పట్టి కోటు తొడిగాను. అప్పుడు అద్దంలో ఆయన్ని సరిగ్గా చూశాను. వీపు గుండ్రంగా వంగింది. ఎడమ భుజం ముందుకు జారింది.

"ఎప్పటి నుంచి సార్ ఇలా?"

"నిరుటి నుంచి. ముప్పై అయిదేళ్ళు కింది అరల్లో పుస్తకాలు వెతికితే వంగదా మరి! మీ అమ్మాయి కొలతలు తీసినప్పుడు నిటారుగానే ఉన్నాను. సుద్దముక్క కింద పడింది, తీసిమ్మంది. తీసిచ్చాను. మళ్ళీ పడేసింది, దొంగపిల్ల."

నా చేతులు ఆగిపోయాయి. గుండుసూదులు తీసి కుడివైపు అర వేలెడు, ఎడమవైపు వేలెడు గుడ్డ బయటికి వదిలి మళ్ళీ గుచ్చాను. కోటు ఆ వంపు మీద నీళ్ళలా సర్దుకుంది. ఎక్కడా ముడత లేదు.

పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఒక మనిషి వంగి లేవడం రెండుసార్లు చూసి, అతనికింకా రాని వంపును చూసింది. దానికోసం గుడ్డ వదిలి, కుట్టేసి, ఎవరికీ చెప్పకుండా తరువాతి పనిలో పడింది. నాకు ఏడుపు రాలేదు. స్టూలు మీద కూలబడ్డాను. దాని తండ్రినన్న సంగతి కూడా ఆ క్షణాన గుర్తు లేదు. అంత పెద్ద పని ఎదురుగా ఉంది, నేను చూస్తున్నాను, అంతే.

నా భార్య పరుగున వచ్చింది. "ఏమైందండీ?"

"ఏం లేదు. నాకు పని రాదు."

"ఆ సంగతి ఇవాళ తెలిసిందా?" అంది, మడతలో గుడ్డ చూసి కళ్ళొత్తుకుంటూ.

పెద్దాయన భుజం తడుముకున్నాడు. "లోపల ఇంకా మిగిలినట్టుందే. కత్తిరించెయ్యండి, మందంగా ఉంటుందేమో."

"వద్దు సార్. మీకు కావలసొస్తుంది."

"ఇంకా వంగుతానంటారా?"

"నేననడం లేదు. మా అమ్మాయి అంటోంది."

ఆయన అద్దంలో తనని తాను కాసేపు చూసుకున్నాడు.

"ఎన్నేళ్ళకి సరిపడా వదిలింది?"

మడతలో వేలు పెట్టి చూశాను.

"చాలా ఉంది సార్," అన్నాను.