పాలకు సైగ

లావణ్య అన్నం దగ్గర మాట్లాడటం మానేసింది. కూర కావాలన్నా, నీళ్లు కావాలన్నా చేత్తో చూపించేది. గొంతు నొప్పేమోనని తల్లి శారదమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. లాల్‌దర్వాజాలో పాల డెయిరీ నడిపే బాలరాజ్‌కు మాత్రం కూతురి వాలకం నచ్చలేదు.

ఒక సాయంత్రం ఆమె మేడ మీద వీడియో కాల్‌లో స్నేహితురాలు స్వీటీకి ఏదో చూపిస్తూ అతని కంట పడింది. ఎడమ చిటికెన వేలు పట్టుకుని, పాలు పితికినట్టు కుడి చేత్తో లాగుతోంది. స్వీటీ పడిపడి నవ్వింది.

"నా పనిని ఎక్కిరిస్తున్నది," అన్నాడు బాలరాజ్ భార్యతో.

"ఊకో. తోడేసిన పాలను గూడ మూత తీసి చూస్తవ్. నీకన్నీ అనుమానాలే."

శనివారం పొద్దున, పత్తర్‌గట్టిలో చాయ్ హోటల్ నడిపే దస్తగీర్ పాల కోసం వచ్చాడు. "భాయ్, మీ బిడ్డ నయాపూల్ అవతల కాన్వెంట్ల కనబడ్డది. శనివారం శనివారం పోతదంట. ఫికర్ చెయ్యకు, ఊకెనే చెప్పిన."

ఆ మాటతోనే ఫికర్ మొదలైంది. "సోమవారం సంది కాలేజీ బంద్" అని శారదమ్మకు చెప్పి, మధ్యాహ్నం బాలరాజ్ స్కూటర్ తీశాడు.

కాన్వెంట్ గదిలో లావణ్య ఒక సిస్టర్ ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరూ మాట్లాడటం లేదు. సిస్టర్ చిటికెన వేలు లాగింది. లావణ్య కూడా లాగింది.

"ఏంది గిది? నోర్లు లేవా?" బాలరాజ్ గడప దాటాడు.

"బాపు! నువ్వేంది ఇక్కడ?"

"నన్నడుగుతవా? నా బతుకును నవ్వులపాలు చేసుడు ఎవలు నేర్పిర్రు?"

"అది వెక్కిరింపు కాదు నాయనా, పాలు కావాలని సైగ," అంది సిస్టర్ రాజమణి. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "వందల ఏళ్ల కింద యూరప్ మఠాల్లో సన్యాసినులు భోజనం దగ్గర మాట్లాడకూడదు. అక్కడ చదివే ఆడపిల్లలు అక్షరాలతో పాటు ఈ సైగలూ నేర్చుకునేవాళ్లు. మీ అమ్మాయి ఎం.ఏ. ప్రాజెక్టు వాళ్ల చదువు మీదే."

"చేసి చూస్తేనే తెలుస్తది బాపు. గందుకే ఇంట్ల గూడ..."

"మరి మాకు చెప్పనీకేమైంది?"

"కాన్వెంట్ అంటే పంపుతుంటివా?"

బాలరాజ్ సిస్టర్ వైపు తిరిగాడు. "చదువైనంక ఆ పిల్లలు ఇంటికొచ్చేటోళ్లా?"

"కొందరు వెళ్లేవాళ్లు. కొందరిని చిన్నప్పుడే తల్లిదండ్రులు మఠానికి ఇచ్చేసేవాళ్లు. ఉంటావా, వస్తావా అని ఆ పిల్లల్ని అడిగింది తక్కువ."

కాలేజీ బంద్ అన్న మాట లావణ్యకు ఇంకా తెలియదు. బంద్ చేసే ముందు ఆమెను అడగాలని అతనికీ తోచలేదు.

"నిన్నే అడుగుతున్న," అన్నాడు బాలరాజ్ కూతురితో. "గిక్కడ్నే ఉండిపోతవా?"

"లేదు బాపు. ప్రాజెక్ట్ అయ్యేదాంక వస్త. వద్దంటే ఇప్పుడే చెప్పు."

అతను వద్దనలేదు. అలాగని పూర్తిగా నమ్మనూ లేదు. వరండాలోకి వెళ్లి, గది కనిపించేలా బల్లను జరుపుకుని కూర్చున్నాడు.

"కానియ్యుర్రి," అన్నాడు. "తలుపు మాత్రం తీసే ఉంచుర్రి."