అద్దాల బీరువాలో పొడి

పొడి కనబడగానే చేతిలో గుడ్డ పడేసి అద్దానికి మొహం ఆనించాను. చిటికెడు కూడా లేదు. తెల్లకాగితం మీద టీపొడి ఒలికినట్టు, సూదికి గుచ్చిన ఒక శలభానికి సరిగ్గా కింద పడి ఉంది. మామూలు వాళ్లయితే ఉఫ్‌మని ఊదేసి వెళ్లిపోతారు. మ్యూజియంలో కీటకాల గది చూసుకునే నాలాంటి దానికి అది ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినంత పని. బీరువాలోకి ఏదో బతికున్న పురుగు చేరింది. మేం దాచుకున్న పురుగుల్ని తింటోంది.

అదీ ఎప్పుడు? పరిణామ సిద్ధాంతానికి వార్షికోత్సవం చేసుకుంటున్న రోజున! ముందు హాల్లో డార్విన్ పటానికి దీపాల తోరణం వేలాడదీశారు. దాని పైన కోతి మెల్లగా నడుం ఎత్తి, మనిషై నడిచిపోతున్న బొమ్మతో ఇంత పొడుగు బ్యానరు. "కోతి మనిషైపోలేదు మహాప్రభో, ఇద్దరికీ ముత్తాత ఒకడే, అంతే" అని డైరెక్టరుగారికి వారం నుంచి మొత్తుకున్నాను. ఆయన శ్రద్ధగా తలూపి అదే బ్యానరు కట్టించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతిథులొస్తారు. వాళ్లకు చూపించాల్సిన అసలు సరుకంతా ఈ బీరువాలోనే ఉంది.

అది మా నాన్న జీవితం. దీపం చుట్టూ తిరిగే శలభాల్లో ఒకే ఒక్క జాతిని, ఈ ఊరి ఫ్యాక్టరీ పొగగొట్టాల కిందున్న చెట్ల మీద, ఆయన ఏటేటా పట్టి వరసలుగా పేర్చారు. మొదటి వరసల్లో అన్నీ తెల్లవే. మసి పెరిగి చెట్ల బెరడు నల్లబడేకొద్దీ తెల్లవి పిట్టల కంటబడి హరించుకుపోయాయి, నల్లవి మిగిలాయి. ఫ్యాక్టరీలు మూతబడ్డాక మళ్లీ తెల్లవి తిరిగొచ్చాయి. పరిణామం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఉపన్యాసం అక్కర్లేదు, ఈ బీరువా ముందు ఎడమ నుంచి కుడికి నడిస్తే చాలు. మళ్లీ చేద్దామన్నా ఆ ఏళ్లూ రావు, ఆ మసీ రాదు. ఇది పోతే ఇక పోయినట్టే.

ఈ గది నాకంటే ముందు నాన్నదే. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: బయటి నుంచి ఏది వచ్చినా ముందు ఫ్రీజర్లోకి. రాజుగారి కిరీటంలో ఈకైనా సరే. రెండు వారాలు గడ్డకట్టించి, దాన్లో ఏమున్నా చచ్చాకే గదిలోకి.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా మరిది. అందరూ ఎముకల డాక్టరంటారు. అదే మ్యూజియంలో జంతువుల అస్థిపంజరాలు తయారుచేస్తాడు. ఎముకల మీది మాంసం తినిపించడానికి వెనక గదిలో వేల పురుగుల్ని పిల్లల్లా పెంచుతాడు. హాల్లోకి పరిగెత్తాను. వాడు మనిషి చెయ్యి ఎముకల పక్కన గబ్బిలం రెక్క ఎముకల్ని నిలబెడుతున్నాడు.

"నీ పురుగుల్ని తగలెయ్యా! నాన్న బీరువాలో దూరాయి!"

"నా పురుగులా? అవి మూడు తలుపుల అవతల ఉన్నాయి వదినా. పాపం వాటికి నీ అంత కోపం కూడా ఉండదు."

"వేళాకోళమాడకు. ఈ గబ్బిలాన్ని ఫ్రీజర్లో పెట్టావా?"

"పెట్టాను. రెండుసార్లు పెట్టాను. నమ్మకం లేకపోతే నన్ను కూడా పెట్టు."

అన్నాడే గానీ నా మొహం చూసి టార్చిలైటు తీసుకుని వెంట వచ్చాడు. బీరువా తెరిచి వరస తర్వాత వరస చూసుకుంటూ పోయాం. పాత తెల్లవాటి కింద ఏమీ లేదు. నల్లవాటి చివర్లో కాస్త పొడి. కుడిచేతి వైపు జరిగేకొద్దీ పొడి ఎక్కువవుతోంది. ఆఖరి వరసలో ఒకదాన్ని సూదితో సహా ఎత్తాను. ఒళ్లంతా డొల్ల. రెక్కలన్నీ జారి కాగితం మీద పడ్డాయి.

"వదినా," అన్నాడు మరిది, గొంతు తగ్గించి. "ఈ వరస మావయ్యగారు మొన్న తెచ్చిన పెట్టెలోది కదూ?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించానని నాకప్పుడే అర్థమైంది.

మొన్న నాన్న ఆ పెట్టె చంకలో పెట్టుకుని వచ్చారు. రిటైరయ్యాక ఇంట్లో ఉండి పట్టినవి, మళ్లీ తెల్లబడినవి, ఆ కథకి ఆఖరి ముక్క. గేటు దగ్గర గార్డు ఆయనకి సందర్శకుల బ్యాడ్జీ ఇవ్వబోతే నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరనుకున్నావ్? ఆయన బయటివాడా?" అని నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. ఆ ఊపులోనే పెట్టెని తిన్నగా గదిలోకి తెచ్చాను. ఫ్రీజర్లో పెడితే వార్షికోత్సవానికి అందదు. పైగా నాన్న పెట్టె. ఫ్రీజర్ పాఠం నేర్పిన మనిషి పెట్టెలో పురుగేమిటి, అనుకున్నాను. ఆయనకి ఇప్పుడు కళ్లలో పొరలు కమ్ముతున్నాయని తెలిసి కూడా అనుకున్నాను.

డైరెక్టరుగారు వచ్చి సంగతి విన్నారు. "ఇవాళ్టికి తలుపేసెయ్యండమ్మా. అంత చిన్న పురుగు ఒక్క పూటలో ఏం తింటుంది? సాయంత్రం చూసుకుందాం."

నిజమే, ఎవరికీ కనబడదు. అతిథులు చప్పట్లు కొట్టి వెళ్తారు. నాన్న ఈ ఒక్క రోజు కోసం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. ఆయన ముందు ఈ బీరువా ఖాళీ చెయ్యడం నావల్ల అవుతుందా? చెయ్యకపోతే ఆ పురుగు ఎడమ వైపుకు పాకదని ఎవరు చెప్పగలరు? తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. అంతగా నేను పరీక్షల్లో కూడా భయపడలేదు.

"ఏమైంది అమ్మాయ్?"

నాన్న! గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతికర్రతో.

నేను నోరు తెరిచేలోగా మరిది ముందుకు వచ్చాడు. "తప్పు నాది మావయ్యగారూ. నా ఎముకల గదిలోంచి పురుగులు వచ్చేశాయి. మీ వరసలో రెండు మూడు పాడయ్యాయి. క్షమించండి."

వాడి వైపు చూడలేకపోయాను. పొద్దున వాణ్ణి ఎన్ని మాటలన్నాను!

నాన్న లోపలికి వచ్చి, తడుముకుంటూ వేలితో పొడిలో గీత గీశారు. వేలి చివర ఏదో అంటుకుంది, పురుగు విడిచిన పొర. దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నారు. టార్చి అడిగారు. చాలాసేపు చూశారు.

"నీవి పొడుగ్గా ఉంటాయి నాయనా," అన్నారు మరిదితో. "ఇది పొట్టిది. వెనకాల కుచ్చు ఉంది. ఇది ఇళ్లల్లో బట్టల మధ్య ఉండే రకం. నా మంచం కింది పెట్టెలోంచి వచ్చింది. నామీద దయతో అబద్ధం చెప్పావు గానీ, ఈ గదిలో అది పనికిరాదు."

నాన్న నా వైపు తిరిగారు.

"ఫ్రీజర్లో పెట్టావా?"

"లేదు నాన్నా."

"ఎందుకు పెట్టలేదు?"

"నీ పెట్టె కదా అని."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది. మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. "అమ్మాయ్, ఈ గదికి నేనిప్పుడు బయటివాణ్ణే. అది ఆ గేటు దగ్గర కుర్రాడికి తెలిసింది, నీకు తెలియలేదు. తియ్యి, మొత్తం తియ్యి. ఎడమ నుంచి మొదలుపెట్టు. అవి ముందు దక్కాలి."

డైరెక్టరుగారు వాచీ చూసుకుని అతిథుల కోసం హాల్లోకి వెళ్లారు. నేనూ మరిదీ శలభాలు గుచ్చిన ఒక్కొక్క పలకనీ సంచీల్లో కట్టి ఫ్రీజర్‌కి మోశాం. ఎక్కడ సూది కదులుతుందోనని అడుగులో అడుగేసి నడిచాను. పాతవాటిలో అప్పటికే ఏమైనా దూరిందో లేదో రెండు వారాలదాకా తెలియదు. ఆఖరి వరస దగ్గరకొచ్చేసరికి ఏడుపు ఆగలేదు. "రెక్కలున్నాయా?" అని అడిగారు నాన్న. ఉన్నాయన్నాను. "ఒళ్లు పోతే పోయింది. రంగు ఉండేది రెక్కల్లోనే. జాగ్రత్తగా ఏరు."

అతిథులు వస్తున్న చప్పుడు వినబడింది. ముందుగా హాల్లోంచి డైరెక్టరుగారి గొంతు, తర్వాత చెప్పుల చప్పుడు. బీరువా ఖాళీగా, అద్దాలు తుడిచిన మరకలతో నిలబడి ఉంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాన్న లేచి, జేబులోంచి ఏదో తీశారు. సందర్శకుల బ్యాడ్జీ. ఇవాళ గార్డు ఇస్తే మారుమాట్లాడకుండా తీసుకున్నారట. నా బల్ల మీద సూది ఒకటి తీసుకుని బ్యాడ్జీని ఇస్త్రీ చొక్కాకి గుచ్చుకోబోయారు. సూది ఎటు పోతోందో ఆయనకి కనబడటం లేదు.

నేను వెళ్లి గుచ్చాను.