తోట చూసుకున్నోళ్ళు

నేత్ర బెంగళూరులో ఎమ్మే ఫిలాసఫీ చదువుతోంది. ఉండేది మారికుప్పంలో, చిన్నాయన పురుషోత్తం ఇంట్లో. పొద్దున రైలుకి ఇద్దరూ కలిసే బయలుదేరతారు, ఆయన ఫ్యాక్టరీకి, ఆమె క్లాసుకి. తండ్రి శివరాజ్ గౌనిపల్లిలో వ్యవసాయం చేస్తాడు. అన్నదమ్ములిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. అయినా పురుషోత్తం ఆమెను పొమ్మనలేదు, శివరాజ్ ఇంటికి రమ్మనలేదు.

తగువంతా ఒక్క మాట మీద. తాత ఓబలప్ప పోయే ముందు "తోట చూసుకున్నోళ్ళకే తోట" అన్నాడు. రోజూ నీళ్ళు కట్టి మందు కొట్టింది తను కాబట్టి మామిడితోట తనదేనని శివరాజ్ అంటాడు. ఎండిపోతున్న చెట్లకి బోరు వేయించి బతికించింది తను కాబట్టి తనదని పురుషోత్తం. ఈ ఏడు కాయ కోతకొచ్చినా, వచ్చిన వ్యాపారిని ఇద్దరూ చెరోసారి వెనక్కి పంపేశారు.

ఒకరోజు రైల్లో పురుషోత్తం అడిగాడు. "ఇంతకీ మీ క్లాసులో ఏం చెప్తారమ్మా?"

"ఒక మాటకి అర్థం యాడనించి వస్తాదని చూస్తాం చిన్నాయనా. అది నిజమా కాదా అనేది ఆ తర్వాత."

"అట్లయితే మా నాయన మాటకి అర్థం చెప్పు. ఎవుర్ని తల్చుకోని అన్నాడాయప్ప?"

ఆ ప్రశ్న నేత్రను వదల్లేదు. చూసుకోవడమంటే నీళ్ళు కట్టడమా, నీళ్ళు తెప్పించడమా? చూసుకున్నోళ్ళంటే ఒకరా, ఇద్దరా? మాట ఎటు వంచితే అటు వంగుతోంది. ఆ వారమే ప్రొఫెసరమ్మ పాఠం మధ్యలో అంది: "వాక్యం మీద వాదించే ముందు, అది ఏ ప్రశ్నకి జవాబుగా వచ్చిందో కనుక్కోండి." నేత్ర రాయడం ఆపేసింది. ఆ మాట అన్న రోజు తాతను ఎవరేం అడిగారో ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు.

ఆదివారం చిన్నాయనను బతిమాలి గౌనిపల్లికి తీసుకెళ్ళింది. అవ్వ జయలక్ష్మమ్మ సంగటి కెలుకుతోంది. శివరాజ్ తమ్ముడి వైపు చూడకుండా గడప పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, తాత ఆ మాట అనేదానికి ముందు నువ్వేమన్నా అడిగినావా?"

"అడిగినా. నీకు ఇంగ చేతకాదు, తోట గుత్తకిచ్చేద్దామా అంటి. తోట చూసుకున్నోళ్ళకే తోట, గుత్తోనికిస్తే కాయ కోసుకోని పోతాడు, చెట్లు మిగలవు అన్నాడు. వీళ్ళిద్దరూ వాకిట్లో ఉండారు. ఆ ముక్క ఒకటే వినబడినట్టుండాది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు పురుషోత్తం.

"నన్నెవురు అడిగినారు? మీకు విడిగా ఇంగోసారి చెప్పినాడేమో అనుకుంటి."

పురుషోత్తం మెల్లగా, రెండేళ్ళలో మొదటిసారి అన్నతోనే అన్నాడు. "అంటే నాయన మనకేమీ చెప్పనే లేదా?"

శివరాజ్ కూతుర్ని చూశాడు. "ఉన్న ఒక్క మాటనీ తీసేస్తివి గదమ్మా."

క్లాసులో ఇలాంటి చిక్కు విడిపోతే అందరికీ తేలిగ్గా ఉండేది. ఇక్కడ ఇద్దరు పెద్దమనుషులు తండ్రిని రెండోసారి పోగొట్టుకున్నట్టు కూర్చున్నారు. ఇద్దరూ పట్టుకుని వేలాడింది తోటను కాదని, తండ్రి తనను తలుచుకున్నాడన్న నమ్మకాన్నని ఆమెకు అప్పుడు తెలిసింది.

"కాయ రాలిపోతావుండాది. అదన్నా కోయండి పోయి," అంది అవ్వ.

అన్నదమ్ములు వెళ్ళారు. నెలలోపు సర్వేయరు వచ్చి తోటను రెండు భాగాలు చేశాడు. బోరు ఇద్దరికీ ఉమ్మడి. శివరాజ్ మాత్రం నేత్రతో చాలా రోజులు ముభావంగానే ఉన్నాడు. ఒక సాయంత్రం తనే ఫోన్ చేశాడు. వానల సంగతి, ఆవు ఈనిన సంగతి చెప్పాడు. ఫోన్ పెట్టేస్తాడనుకుంటుండగా గొంతు తగ్గించాడు.

"ఈసారి వచ్చినప్పుడు అవ్వని అడుగమ్మా. నీకైతే చెప్తాది. నాయన ఇంగేమేం మాట్లాడేవాడో, అన్నీ అడుగు."