యాభై మీటర్ల గీత

ఆ రోజు అమావాస్య అని అనంతలక్ష్మికి తెలియక కాదు. కార్తీకం చివరి రోజు, అందులోనూ శుక్రవారం. తెల్లవారకముందే తలస్నానం చేసి, దీపం పెట్టి, ఉపవాసంతోనే బడికి వచ్చింది. అంత నిష్ఠ ఉన్న మనిషికి ఆ రోజు ఏం చేయకూడదో ఎందుకు తట్టలేదో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఒక్కటే జవాబు దొరికింది. పాఠం ధ్యాసలో పడితే ఆమెకు తిథీ వారమూ గుర్తుండవు.

సమ్మె వల్ల నెలన్నర బళ్లు నడవలేదు. ఎనిమిదో తరగతి సైన్సు బాగా వెనకబడింది. చలనం పాఠంలో గ్రాఫు దగ్గరికొచ్చి పిల్లలు ఆగిపోయారు. బోర్డు మీద గీత పైకి పోతుంటే చూసి, మానస లేచి నిలబడింది.

"టీచర్, గీత పైకి పోతుందంటే బండి గుట్టెక్కుతున్నట్టేనా?"

క్లాసులో సగం మంది అవునని తలలూపారు. అనంతలక్ష్మి సుద్దముక్క కింద పెట్టింది. "లెవ్వున్రి. రోడ్డు మీదికి పోదాం" అంది.

బడి నాచారం ఫ్యాక్టరీల నుంచి చిల్కానగర్ వైపు వచ్చే రోడ్డు పక్కన ఉంది. పెద్దసారును అడగాలని ఆమెకు తోచలేదు. ఆటల తాడుతో పది మీటర్లు కొలిచి, పదికొక గీత చొప్పున యాభై మీటర్ల దాకా గుర్తులు పెట్టించింది. సుద్దగీత తారు మీద కనపడకపోతే, బడి గుమ్మం ముందు వేసే ముగ్గుపిండి డబ్బా తెప్పించింది. గీత గీతకొక పిల్ల. బండి ముందు చక్రం దాటగానే ఆ పిల్ల చేయెత్తి అరవాలి. మానస సెల్‌ఫోనులో సెకన్లు చూసి రాసుకోవాలి.

చివరి గీత పక్కనే మహిపాల్ పంక్చర్ దుకాణం. అతను ట్యూబు నీళ్లలో ముంచుతూ నవ్వాడు. "ఏంది టీచరమ్మా, రోడ్డుకు పెండ్లి చేస్తున్నరా?"

"పెండ్లి గాదు మహిపాలన్నా, పరీక్ష."

"ఎవలకు? నాకైతే పెట్టకుర్రి, నేను అయిదుల ఫెయిలు."

ఒక సైకిలు పోయింది. ప్రతి రెండున్నర సెకన్లకు పది మీటర్లు. "సెకనుకు నాలుగు మీటర్లు టీచర్!" అని పిల్లలు గెంతారు. తర్వాత ఒక ఆటో పోయింది. దాని చక్రాలకు చివరి గీత చెదిరిపోయింది.

"ఈసారి గట్టిగ కనపడేటట్టు వెయ్యున్రి" అంది అనంతలక్ష్మి. "రాణీ, ఆఫీసుల సరస్వతమ్మ ఫోటో కాడ కుంకుమ భరిణె ఉంటది, పట్కరా." చదువు తల్లి కుంకుమ, చదువుకే కదా అనుకుంది.

పిల్లలు పిల్లలే. మిగిలిన ముగ్గుపిండి అంతా పోసి పెద్ద చదరం వేశారు. దాని నడుమ భరిణెడు కుంకుమ కుప్పగా పోశారు. యాభై మీటర్ల గుర్తు సరిగ్గా మూడు దారులు కలిసేచోట పడింది.

అప్పుడే ఫ్యాక్టరీల వైపు నుంచి అట్టపెట్టెల లోడుతో డీసీఎం వ్యాను వచ్చింది. మొదటి గీత దాటింది. "పది!" అని ఒక పిల్ల అరిచింది. ఒకటిన్నర సెకను. "ఇరవై!" మూడు. "ముప్పై!" నాలుగున్నర. "నలభై!" ఆరు.

యాభై అనే కేక రాలేదు.

డ్రైవరుకు ఎదురుగా ఆ కుంకుమ చదరం కనపడింది. బండి ఒక్కసారి ఎడమకు కోసుకుపోయింది. రోడ్డు దిగి, టైర్ల దొంతిని గుద్ది, దుకాణంలోకి దూరింది. లేవబోతున్న మహిపాల్ కుడికాలి మీదికి ముందుచక్రం ఎక్కింది. ఎముక విరిగిన చప్పుడు అనంతలక్ష్మికి అవతలి పక్కకు వినిపించింది. నీళ్ల తొట్టి బోర్లపడి, ఆ నీళ్లు ఎర్రబడి రోడ్డు మీదికి పారాయి. మహిపాల్ ఒక్కసారి అరిచి, స్పృహ తప్పాడు.

జనం ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. నలుగురు బండిని వెనక్కి నెట్టి మహిపాల్‌ను ఆటోలో వేసుకుపోయారు. మిగిలినవాళ్లు డ్రైవరు మీద పడ్డారు. అందరికంటే ముందున్నవాడు సురేష్, మహిపాల్ తమ్ముడు. అద్దం పగలగొట్టి, ఆ పగిలిన అంచుల మీదుగానే మనిషిని బయటికి గుంజాడు. డ్రైవరు పొట్ట మీద చొక్కా, చర్మం కలిసే చీలాయి.

"వంద స్పీడుల వచ్చిండు లంజకొడుకు! మా అన్నను తొక్కిండు!"

"తాగిండు, సూడు, కండ్లు సూడు!"

"తాగలేదన్నా, నీ కాల్మొక్కుత, నా పేరు కృపానందం, నాగారం నాది, నాకు పిల్లలున్న..."

ఆ మాట మీద చెప్పుకాలు పడింది. పెదవి పగిలి రెండు పళ్లు బయటికొచ్చాయి. ఒకడు జుట్టు పట్టుకుని తలను బండి చక్రానికి కొట్టాడు. ఇంకొకడు ఇటుక తెచ్చి వీపు మీద వేశాడు. తెలియనివాళ్లు కూడా బైకులు ఆపి, దిగి, రెండు దెబ్బలు వేసి, మళ్లీ బైకెక్కి పోతున్నారు. తమ పనిలో ఒక పని అన్నట్టు.

అనంతలక్ష్మి పిల్లలను గోడవైపు నెట్టి, చేతులు చాచి నిలబడింది. ఆమె నోట్లో దేవుడి పేరు తిరుగుతోంది గాని కాళ్లు కదలడం లేదు. పిల్లలను రోడ్డు మీదికి ఎవరు తీసుకుపొమ్మన్నారని పెద్దసారు అడుగుతాడు. ఆ భయం కూడా ఉంది, లేదని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

మానస ఆమె కొంగు గుంజింది. గ్రాఫు గీసిన కాగితం చాచింది.

"టీచర్, వంద గాదు. నలభై మీటర్లకు ఆరు సెకన్లు. గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్లే. రెండుసార్లు చేసిన."

అనంతలక్ష్మి ఆ కాగితం తీసుకుని గుంపులోకి దూరింది. "సురేషన్నా, ఆగున్రి! పిల్లలు లెక్క తీసిన్రు. ఆయన స్పీడు రాలే. ఇరవై నాలుగే!"

సురేష్ కాగితం వైపు చూశాడు. వరుసగా పైకి పోతున్న నాలుగు చుక్కలు. "మా అన్న కాలు పోయింది, నువ్వు లెక్కలు సెప్తున్నవా?" అని గుంజుకుని చింపేశాడు. దుకాణంలో పడి ఉన్న జాకీ రాడ్డు అందుకున్నాడు. కృపానందం అప్పటికి చేతులు అడ్డం పెట్టుకోవడం కూడా మానేశాడు. ఒక కన్ను ఉబ్బి మూసుకుపోయింది. నోట్లోంచి నురగతో కలిసిన నెత్తురు కారుతోంది. రాడ్డు అతని తల మీదికి లేచింది.

"ఆ ముగ్గు నేనేయించిన!"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఆ ముగ్గూ కుంకుమా నేనే పోయించిన. దాన్ని తప్పియ్యబోయి బండి తిప్పిండు. తప్పు నాది. ఆయన్ని ఇడువున్రి."

రాడ్డు గాలిలో ఆగింది. అందరి తలలూ చదరం వైపు తిరిగాయి. చాలామంది దాన్ని అప్పుడే చూశారు. పిల్లలు వేస్తుండగా చూసినవాడు మహిపాల్ ఒక్కడే. అతను ఆటోలో దవాఖానాకు పోతున్నాడు.

కిరాణా కొట్టు మెట్టు మీదున్న లక్ష్మీనర్సమ్మ కిందికి దిగి వచ్చింది. "అమాసనాడు? మూడు తొవ్వల కాడ? ముగ్గేసి కుంకుమ పోసినవా?" ఒక్కొక్క మాటకూ ఆమె గొంతు లేచింది. "ఓ అమ్మో, బాణామతి చేసిందిరో! మన మహిపాల్‌ను బలిచ్చింది!"

"కాదమ్మా, కొలత కోసం..."

రాడ్డు ఈసారి ఆమె మీదికి వచ్చింది. అడ్డం పెట్టిన కుడిచేతి మీద పడింది. వేళ్లు మంటలో పెట్టినట్టయింది. వెనక నుంచి ఎవరో జుట్టు పట్టుకుని వెల్లకిలా లాగారు. మెడలో పుస్తెలతాడు తెగింది. కడుపులో ఒక తన్ను, నడుములో ఒకటి. ఉపవాసపు కడుపు పసరు కక్కింది. పొద్దున నమస్కారం పెట్టిన ముఖాలే ఇప్పుడు పైనుంచి ఉమ్ముతున్నాయి.

"పండ్లు పీకున్రి! పండ్లు పీకితే మంత్రం పారది!"

"కటింగ్ ప్లేరు తే, ఏయ్, దుకాణంల సూడు!"

ఒకడు ఆమె రొమ్ము మీద మోకాలు పెట్టి దవడ పట్టుకున్నాడు. ఇనుము నోటికి తగిలింది. గ్రీజు వాసన. చిగుళ్లు చీలి ఉప్పటి నెత్తురు గొంతులోకి దిగింది. ఈ చేతులే కదా రేపు దేవుడికి కొబ్బరికాయ కొడతాయి అనుకుంది. కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక.

అప్పుడు మానస పరుగెత్తింది. టీచరు వైపు కాదు, చదరం వైపు. చెప్పులు విప్పి, కుంకుమ కుప్ప మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది.

"గిది యాభై మీటర్ల గీత! మేమే పోసినం! ఏమైతదో సూడున్రి!"

తర్వాత రాణి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఆ వెనక బ్లెస్సన్, ఇంకా పదిమంది, ఇరవైమంది. ఏడుస్తూనే పోయి నిలబడ్డారు. చదరం చాలక ఒకరినొకరు పట్టుకున్నారు. ముప్పై జతల కాళ్లు ఎర్రబడ్డాయి.

లక్ష్మీనర్సమ్మ గుండె బాదుకుంది. రాణి ఆమె కూతురి కూతురు. "ఓసి రాణీ! బయటికి రాయే! సస్తవే!"

"రాను అమ్మమ్మా! టీచర్‌ను ఇడువుమను, అప్పుడొస్త!"

గుంపులో ఇంకా ముగ్గురు నలుగురి పిల్లలు ఆ చదరంలో ఉన్నారు. ఒక తండ్రి ఇటుక పారేసి అటు ఉరికాడు, వెనకే ఇంకో తల్లి. గీత దాకా పోయి ఆగిపోయారు, లోపల కాలు పెట్టలేక. లక్ష్మీనర్సమ్మ మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకుని కుంకుమలోకి అడుగుపెట్టి, మనవరాలిని గట్టిగా వాటేసుకుంది. కళ్లు తెరిచి తన కాళ్ల వైపు చూసుకుంది. ఏమీ కాలేదు.

"ఇడువున్రా ఆమెను" అంది. "పిల్లలు జూస్తున్నరు."

అనంతలక్ష్మి దవడ పట్టుకున్న చేయి వదులైంది. సురేష్ రాడ్డు పట్టుకుని అక్కడే కూలబడి, అన్న పేరు పెట్టి ఏడ్చాడు. ఎవరో కృపానందాన్ని ఆటోలోకి ఎత్తారు. ఆ తర్వాత పోలీసు జీపు వచ్చింది.

*

పది రోజుల తర్వాత అనంతలక్ష్మి దవాఖానాకు పోయింది. మహిపాల్ కింది అంతస్తులో ఉన్నాడు, కుడికాలు మోకాలి కింద లేదు. ముందు అక్కడికే పోయి నిలబడింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. చాలాసేపటికి అనంతలక్ష్మి తనే బయటికి వచ్చింది.

పై అంతస్తులో కృపానందం తల నిండా కట్లతో పడుకుని ఉన్నాడు. ఒక కన్ను ఇక కనపడదన్నారు. ఆమెను చూసి లేవబోయాడు.

"టీచరమ్మా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుర్రి. దాంట్ల... ఏం లేదు గదా?"

"ఏం లేదన్నా. కొలత గుర్తు, అంతే."

"నేను చర్చికి పోయేటోన్ని. గసొంటియి నమ్మ. బండికి నిమ్మకాయ కడ్తనంటె మా ఓనర్ తోని లొల్లి వెట్టుకున్న. గని గది సూడంగనే చేతులు వాటంతటవే తిరిగినయ్."

"నేను రోజు దీపం పెట్టేదాన్ని. ఆ సీట్ల నేనున్నా తిప్పేదాన్నే" అంది అనంతలక్ష్మి.

అతను మళ్లీ తలగడకు ఒరిగాడు. "అతివేగమని కేసు రాసిన్రట. జైలు అంటున్నరు. కన్ను పోతె పోయింది, గని మనిషిని తొక్కేటంత స్పీడు వచ్చిననంటె నా పిల్లలు గూడ నమ్ముతరు."

తలుపు దగ్గర బెంచీ మీద ఒక పోలీసాయన కాగితాలతో కూర్చుని ఉన్నాడు. ఆమె పోయి ఒక తెల్లకాగితం అడిగింది.

"మేడం, ఊకె ఎందుకు?" అన్నాడు అతను మెల్లగా. "వేగమని ఉంటె మీ పేరు రాదు. ముగ్గు మాట రాస్తె కేసు మీ మీదికి తిరుగుతది. మీ పెద్దసారు గూడ గదే చెప్పి పోయిండు."

కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఆమె ఎడమచేత్తో పెన్ను పట్టుకుంది. నలభై మీటర్లు, ఆరు సెకన్లు, గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్లు అని రాసింది. దాని కింద, ఆ ముగ్గు వేయించినది, కుంకుమ పోయించినది నేను అని రాసింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి లాగా వంకర పోయాయి. సంతకానికి చాలాసేపు పట్టింది.

పోలీసాయన కాగితం తిప్పి చూశాడు. "గిది మీ సంతకమేనా?"

"నాదే" అంది.